గిటారులో రొద

ఆరాధనలో గిటారు గుయ్‌మంటుంటే కొత్తది కొందామని సంఘపెద్దలు చందా పుస్తకం తీస్తారు. ముందు మూత విప్పి టంకం చూడమంటాం మేము. తీగల మీద చెయ్యి వేయగానే రొద తగ్గితే బ్రిడ్జి ఎర్త్ వైరు బాగున్నట్టే. తగ్గకపోతే ఆ వైరు బ్రిడ్జి దగ్గరో, వాల్యూమ్ పాట్ వెనుకో వదిలి ఉంటుంది. మేము ఎక్కువగా చూసింది పాట్ వెనుకే. ఆ రేకు వేడిని లాగేసుకుంటుంది. చిన్న ఐరన్‌తో అంటిస్తే లెడ్డు ముత్యంలా పైన కూర్చుంటుంది గాని రేకును పట్టుకోదు. గిటారు కదిలినప్పుడల్లా చిటపటలాడుతుంది. రేకును గరుకు కాగితంతో రుద్ది, ముందు రేకునే వేడిచేసి, దాని మీద లెడ్డు కరగనివ్వాలి. చల్లారేదాకా వైరు కదపకూడదు, ఊదకూడదు కూడా.

అయితే సింగిల్ కాయిల్ పికప్ కరెంటు వైర్ల 50 హెర్ట్జ్ రొదను గాలిలోంచే పట్టుకుంటుంది. ఎంత మంచి టంకమైనా దాన్ని ఆపలేదు. 1955లో గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ హంబకర్ చేసింది అందుకే. రొద పోతుందని ప్లగ్గులో మూడో పిన్ను మాత్రం తీసేయకండి. తీగలు ఆంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. వాయించే బిడ్డకు షాక్ కొట్టవచ్చు.