మా మేడ మీద చక్రం

పోయిన వేసవిలో మా మేడ మీద బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేకుండా పోయింది. దండెం కట్టుకునే రెండు ఇనుప స్తంభాల మధ్య మా మామయ్య ఒక సైకిల్ రిమ్ము బిగించారు.

మామయ్య మల్లాపూర్ పారిశ్రామికవాడలో ముప్ఫై ఏళ్లకు పైగా ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన మగవాళ్లలో కొందరికి టీవీ పడుతుంది, కొందరికి గుడి పడుతుంది. ఈయనకు ఫోనులో చూసిన ఒక వీడియోతో చక్రం పిచ్చి పట్టింది. రిమ్ము చుట్టూ పన్నెండు ఇనుప పట్టీలు, ఒక్కో పట్టీ చివర బరువైన నట్టు. చక్రం తిరుగుతుంటే దిగే వైపు పట్టీలు బయటికి చాచుకుంటాయి, ఎక్కే వైపువి లోపలికి ముడుచుకుంటాయి. దూరంగా ఉన్న బరువు ఎక్కువ లాగుతుంది కాబట్టి చక్రం ఆగకుండా తిరగాలి. అదీ లెక్క.

"ఉప్పల్ రోడ్డుల ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు భూమ్యాకర్షణను కొలుస్తరు బిడ్డా. నేను దాన్ని పనిలకు దించుత. ఇగ కరెంటు బిల్లు ఉండది" అనేవారు.

నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఒకరోజు ఆయన ఆరడుగుల ఇనుప చక్రం చేయించాలని, లక్షన్నర ఫిక్స్‌డ్ డిపాజిట్ తీస్తానని అన్నారు. అత్తమ్మ కంటి శుక్లాల ఆపరేషన్‌కు దాచిన డబ్బు అది. అత్తమ్మ ఏమీ అనలేదు. బియ్యంలో రాళ్లు కనిపించక చేత్తో తడుముతూ కూర్చుంది. మా వారు "నాన్నకు నేను చెప్పలేను, నువ్వే చూడు" అని తప్పుకున్నారు.

కోడలు మామకు ఏమని చెబుతుంది? "మన భాస్కరాచార్యుడే రాసిండు" అని ఆయన అంటున్నారు కదా, ముందు అదేమిటో చదువుదామనుకున్నాను. అది నిజమే. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో తనంతట తాను తిరిగే చక్రం ఉంది. అంతకు ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు బోలు చువ్వల్లో సగం వరకు పాదరసం పోసి మూసిన చక్రాన్ని వర్ణించాడు. ఇలాంటివి ఎంతోమంది ప్రయత్నించారు. ఒక్కటీ నిలవలేదు. 1775లో పారిస్ సైన్స్ అకాడమీ ఇలాంటి యంత్రాలను ఇక పరీక్షించబోమని చెప్పేసింది.

ఇవన్నీ చెబితే ఆయన వినరు. ముప్ఫై ఏళ్లు కొలిచి బతికిన మనిషి, కొలిస్తేనే నమ్ముతారు. అందుకే, "మామయ్యా, పెద్దది చేసే ముందు దీని పనితనం ఒకసారి లెక్కపెడదామా?" అన్నాను.

పదో తరగతి చదివే మా వాడు రిమ్ము గాడిలో తాడు చుట్టి, చివర కిలో తూకం రాయి కట్టి వదిలాడు. ప్రతిసారీ తోపు ఒకేలా ఉండాలని. నేను సుద్దముక్కతో వాటర్ ట్యాంకు గోడ మీద చుట్లు రాశాను. పట్టీలు ఊగుతుంటే చక్రం పదిహేడు చుట్లు తిరిగి ఆగింది. అవే పట్టీలను తీగతో కదలకుండా కట్టేస్తే నలభై ఒకటి. మూడేసిసార్లు చేశాం, ఒకటి రెండు చుట్ల తేడా, అంతే.

"టక్కుమన్నప్పుడల్లా తోపు పోతున్నది" అన్నారు మామయ్య మెల్లగా. మా వాడు వేలు పెట్టి చూపించాడు. "తాతా, దిగే దిక్కు బరువులు దూరమున్నయి గాని అయిదే ఉన్నయి. ఎక్కే దిక్కు ఏడున్నయి." ఒక చుట్టు పూర్తయ్యేసరికి ప్రతి నట్టూ మొదలైన ఎత్తుకే వస్తుంది. దిగి ఇచ్చినదంతా ఎక్కడానికే సరి. పైగా బేరింగు కొంత తింటుంది.

ఆ రాత్రి ఆయన సరిగ్గా తినలేదు. నాకూ ముద్ద దిగలేదు. తప్పు చేశానేమో అనిపించింది.

మర్నాడు టీ ఇస్తూ, చదివినవాటిలో ఒక కథ చెప్పాను. జర్మనీలో బెస్లర్ అనే ఆయన 1717లో ఒక కోటలో పెద్ద చక్రం పెట్టాడు. గది తలుపులకు సీలు వేశారు. యాభై నాలుగు రోజుల తర్వాత తీసి చూసినా తిరుగుతూనే ఉందట. రాజులూ పండితులూ ఆశ్చర్యపోయారు. పదేళ్ల తర్వాత ఆయన ఇంటి పనిమనిషి వాంగ్మూలం ఇచ్చింది, పక్కగదిలోంచి చక్రాన్ని తామే చేత్తో తిప్పేవాళ్లమని, ఆయన భార్యా తానూ వంతులు వేసుకునేవాళ్లమని. ఆమె మాట నిజమో కాదో ఎవరూ తేల్చలేదు.

వంటింట్లోంచి అత్తమ్మ అంది: "తేల్చేదేముంది? దానంతటదే నడుస్తున్నదని మీరనుకునేదాని ఎనక ఎవరో ఒక ఆడమనిషి ఉంటది."

మామయ్య చాలాసేపు అత్తమ్మ వంకే చూశారు. తర్వాత నవ్వారు. డిపాజిట్ మాట మళ్లీ ఎత్తలేదు.

శ్రావణం రాకముందే ఆపరేషన్ అయింది. అత్తమ్మ ఇప్పుడు సూదిలోకి దారం తనే ఎక్కించుకుంటోంది. మూలన పడి ఉన్న కుట్టు మిషన్‌కు మామయ్య కొత్త బెల్టు వేసి, నూనె పెట్టి ఇచ్చారు. దాని చక్రం భలే నున్నగా తిరుగుతోంది, అత్తమ్మ కాళ్లు ఆడినంతసేపు.

మేడ మీది రిమ్ము మాత్రం తీయలేదు. నేనే వద్దన్నాను. దండెం తీగ ఇంకో వైపు కట్టుకున్నాం.