పిల్లలతో గోదారి ఊరికి

పిల్లల్ని తీసుకుని మూడు నాలుగు రోజులు ఏదైనా ఊరెళ్దామనగానే ఇంట్లో పెద్దవాళ్ళు చూడాల్సినవన్నీ కాగితం మీద పెడతారు. ఆ గుడి, ఈ పార్కు, దారిలో ఇంకో గుడి. ఆ వరసలో మూడోది దాటేసరికి పిల్లలకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కాళ్ళు నొప్పులంటూ చంకెక్కుతారు. అందుకే పిల్లలతో ప్రయాణానికి నది ఒడ్డున ఉన్న ఊరిని మించింది లేదని నా నమ్మకం. నదిని పట్టుకుని నడిస్తే ఊరు దానంతటదే అర్థమవుతుంది. ఇంత నీటిని మనుషులు ఎలా దాటారు, ఎలా ఆపారు, దానితో ఏం పండించారు, దాన్ని చూసి ఏం గీశారు? ఈ ప్రశ్నలు పిల్లలకు పట్టుబడితే యాత్ర సఫలమైనట్టే. వీటన్నిటికీ జవాబు దొరికే ఊరు మన రాజమండ్రి.

ముందు కాలం చూసుకోవాలి. నవంబరు మొదలు ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. పరీక్షలయిపోయాయి కదా అని మే నెలలో పసివాళ్ళను ఆ ఘాట్ల మెట్ల మీద తిప్పకండి, ఆ ఎండకు పెద్దవాళ్ళే ఆగలేరు. జూలై, ఆగస్టుల్లో వరద. ఎర్రనీళ్ళతో పారే గోదావరి చూడవలసిందే గానీ, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం పది లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఆ రోజుల్లో పిల్లలతో నీటి అంచుకు వెళ్ళే పని పెట్టుకోకూడదు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. పుణ్యం మాట ఎలా ఉన్నా, ఆ పన్నెండు రోజుల రద్దీలోకి చంటిపిల్లల్ని తీసుకెళ్ళొద్దని గట్టిగా చెబుతాను.

వెళ్ళడం రైల్లోనే వెళ్ళాలి, అదీ పగటిపూట గోదావరి దాటే రైల్లో. హైదరాబాదు నుంచి రాత్రి బండి ఎక్కితే వంతెన చీకట్లోనో నిద్రలోనో దాటిపోతుంది. విజయవాడ నుంచి పొద్దున్నే బయల్దేరే రత్నాచల్ లాంటి బండి అయితే మేలు. నిడదవోలు రాగానే పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. కొవ్వూరు దాటి వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది. ఇసుక తిన్నెలు, లంకల్లో రెల్లుగడ్డి, చేపల పడవలు, ఆ తర్వాత కనుచూపు మేరా నీళ్ళే. నాయనమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ళ మనవడి చేతిలో పెట్టి, గోదారమ్మకు దణ్ణం పెట్టుకోమంటుంది. విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఊరు ముందొచ్చి వంతెన తర్వాతొస్తుంది. వాళ్ళు ఒక పూట కొవ్వూరు దాకా రైల్లో వెళ్ళి తిరిగొస్తే సరిపోతుంది.

మొదటి సాయంత్రం పుష్కర ఘాట్‌కు వెళ్ళండి. ఇంత నదిని ఎలా దాటారన్న ప్రశ్నకు జవాబు కళ్ళ ముందే ఉంటుంది. ఒకప్పుడు పడవే దిక్కు. 1900లో మొదటి రైలు వంతెన వచ్చింది, దానికి అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. 1997లో దాని మీద రైళ్ళు ఆగిపోయాయి. 1974లో వచ్చిన వంతెన మీద పైన రోడ్డు, కింద రైలు. పాత దానికి బదులుగా కట్టినది కమానుల వంతెన. హేవలాక్ వంతెనకు 56 ఖానాలు, కమానుల వంతెనకు 28. అదే నదిని దాటడానికి ఖానాలు సగానికి ఎందుకు తగ్గాయో పిల్లల్నే అడగండి. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం పెరిగిందని వాళ్ళే చెబుతారు. చీకటి పడ్డాక హారతి చూసి రావచ్చు. మెట్లు పాచి పట్టి జారతాయి కాబట్టి కింది మెట్ల దాకా దిగకుండా పై మెట్ల మీదే కూర్చోండి, పిల్లల చెయ్యి వదలొద్దు.

మర్నాడు పొద్దున్న ధవళేశ్వరం. ఊరిని ఆనుకునే ఉంది. 1830ల్లో ఈ ప్రాంతాన్ని కరువులు, తుపానులు కుదిపేశాయి. పక్కనే ఇంత నది పారుతున్నా పొలాలు ఎండిపోయేవి. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించి 1852కి పూర్తి చేయించారు. ఇప్పుడు మనం చూసే గేట్ల బ్యారేజీ ఆ తర్వాతి కాలం కట్టడం, పేరు మాత్రం ఆయనదే. దీని కాలువల కింద సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతాయి. దగ్గర్లోనే ఉన్న కాటన్ మ్యూజియం చూపించి, కాలువ గట్టున కాసేపు నడిపించండి. ఈ నీళ్ళే పొలానికి వెళ్తాయి, ఆ పొలంలో పండిందే మధ్యాహ్నం నువ్వు తినే అన్నం అని అక్కడ నిలబడి చెబితే, ఏడేళ్ళ పిల్లకు కూడా అర్థమవుతుంది.

ఇంకో పొద్దున్న కడియం నర్సరీలకు. ఎకరాలకు ఎకరాలు మొక్కలే. ఊరికే చుట్టేసి రాకుండా, అంటు కట్టే చోటు అడిగి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. పనివాళ్ళు మామిడి మొక్క కాండాన్ని బ్లేడుతో ఏటవాలుగా కోస్తారు. మంచి రకం చెట్టు కొమ్మను దానికి సరిగ్గా అతికేలా చెక్కి, రెంటినీ కలిపి ప్లాస్టిక్ పట్టీతో గాలి చొరకుండా చుడతారు. చూస్తుండగానే పనయిపోతుంది. రెండు చెట్లు ఒకటి కావడం కళ్ళారా చూసిన పిల్లలకు బడిలో ఆ పాఠం మళ్ళీ చెప్పక్కర్లేదు. వచ్చేటప్పుడు తలా ఒక చిన్న మొక్క కొనివ్వండి, నీళ్ళు పోసే పూచీ వాళ్ళదే.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గదిలోనే ఉండండి. భోజనం, నిద్ర, పేకాట, ఏదైనా సరే. ఆ నాలుగు గంటలు వదులుకున్న ఇంట్లో సాయంత్రం అందరి మొహాలూ వాడిపోతాయి. నాలుగు దాటాక దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకెళ్ళండి, సెలవు రోజేదో ముందే కనుక్కుని. ఆయన 1897లో ఇక్కడే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలోని గీత గుర్తించి ప్రోత్సహిస్తే, బొంబాయి జె.జె. స్కూలులో చదువుకుని వచ్చారు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే, మశూచితో పోయారు. అంత చిన్న వయసులో అన్ని బొమ్మలు వేసిన మనిషి గురించి వింటే పిల్లల చేతులు ఊరుకోవు. సంచిలో కాగితాలు, రంగు పెన్సిళ్ళు పెట్టుకెళ్ళి, బయటికి రాగానే గోదావరి ఒడ్డున ఇచ్చేయండి.

పాపికొండల మాట అందరూ అడుగుతారు. లాంచీలో ఒక రోజంతా పట్టే ప్రయాణం అది, అయిదేళ్ళ లోపు పిల్లలతో వద్దనే నా సలహా. పెద్ద పిల్లలతో వెళ్తే లైఫ్ జాకెట్ వాళ్ళ కొలతకు సరిపోయిందో లేదో తొడిగి చూశాకే ఎక్కండి, దిగేదాకా విప్పనివ్వకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో పదుల మంది పోయారు. ఆ సంగతి గుర్తుంటే ఏ తల్లీ తండ్రీ మొహమాటపడరు.

తిండికి ఈ ఊళ్ళో లోటు లేదు. పొద్దున్న వేడి ఇడ్లీ, ఎండ దిగాక రోజ్‌మిల్క్, తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా.

మన పిల్లల్లో చాలామందికి నీళ్ళంటే కుళాయి, సీసా, ట్యాంకరు. నది ఎంత పెద్దదో, దానికి మనం ఎంత రుణపడ్డామో పుస్తకం చెప్పలేదు. పిల్లలు తమ కాళ్ళ మీద నడవగలిగే వయసు రాగానే గోదావరి ఒడ్డుకు ఒకసారి తీసుకెళ్ళండి. పూటకు ఒక్కటే చూపించండి, దాన్ని నిండుగా చూపించండి. తెచ్చుకున్న ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఘాట్ మీద వదలకుండా వాళ్ళ చేతే తిరిగి మోయించండి.