మిసిర్లూ: ఆమె పేరు, ఎవరి పాట?

చిన్నప్పుడు సరళీ వరసలు నేర్చుకున్న ఏ ఆడపిల్లకైనా ఈ పాట మొదటిసారి వినగానే చెవి నిక్కబొడుచుకుంటుంది. గ్రీకు భాష ఒక్క ముక్క రాకపోయినా సరే. శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి ఆ పెద్ద అంగ, మళ్ళీ శుద్ధ ధైవతం నుంచి కాకలి నిషాదానికి అలాంటిదే ఇంకొకటి. ఇది మన మాయామాళవగౌళ కదా అనిపిస్తుంది. టర్కీ, అరబ్బు సంగీతాల్లో దీనికి దగ్గరి మకాంను హిజాజ్‌కార్ అంటారు. స్వరస్థానాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటైపోదని సంగీతం తెలిసినవాళ్ళు నన్ను కోప్పడతారని తెలుసు. అయినా పురందరదాసు పేరు చెప్పి మనకు మొదట నేర్పే ఆ స్వరాలే మధ్యధరా సముద్రం ఒడ్డున ఒక ప్రేమపాటకు మెట్లయ్యాయంటే నాకు సంతోషంగానే ఉంటుంది.

ఆ పాట పేరు 'మిసిర్లూ'. టర్కీ భాషలో మిసిర్ అంటే ఈజిప్టు, మిసిర్లీ అంటే ఈజిప్టు మనిషి. దానికి గ్రీకువాళ్ళు తమ స్త్రీలింగ ప్రత్యయం తగిలిస్తే మిసిర్లూ అయింది, అంటే ఈజిప్టు పిల్ల. పాడేవాడు గ్రీకు క్రైస్తవుడు, ఆమె ముస్లిం. ఆమె చూపు తనలో మంట పెట్టిందంటాడు, అరబ్బుల దేశం నుంచి నిన్ను ఎత్తుకుపోతానంటాడు, మధ్యమధ్య అరబ్బీలో ప్రియురాలిని పిలుస్తాడు. పాట మొత్తంలో ఆమె ఒక్క మాట మాట్లాడదు. పాట పేరు ఆమెది, కానీ అది ఆమె పేరు కూడా కాదు. ఏ దేశం మనిషో చెప్పే గుర్తు, అంతే. 'ఆ తురకల పిల్ల', 'ఆ ఎరుకలది' అని మన ఊళ్ళలో ఆడవాళ్ళను పిలిచే పద్ధతికి ఇది ఎంత దూరం?

ఈ పాటను ఎవరు కట్టారో తెలియదు. ఒట్టొమాన్ సామ్రాజ్యపు రేవు పట్టణాల్లో గ్రీకులు, టర్కులు, అర్మేనియన్లు, యూదులు, అరబ్బులు ఒకే వీధిలో ఒకరి పాట ఒకరు విని పాడుకున్న కాలపు పాట ఇది. మనకు తెలిసినంతలో దీని తొలి రికార్డు 1927 నాటిది. పాడినవాడు టెటోస్ డెమెట్రియాడిస్. ఇస్తాంబుల్‌లో పుట్టి 1921లో అమెరికా చేరాడు. రికార్డయింది న్యూయార్క్‌లో. గ్రీకు పాట గ్రీసులో కాకుండా అక్కడ ఎందుకు రికార్డయిందన్న ప్రశ్నకు జవాబు సంగీతంలో దొరకదు. 1922లో స్మిర్నా తగలబడింది. 1923లో లోజాన్ ఒప్పందం ప్రకారం సుమారు పన్నెండు లక్షల మంది క్రైస్తవులు టర్కీ నుంచి గ్రీసుకూ, నాలుగు లక్షల మంది దాకా ముస్లింలు గ్రీసు నుంచి టర్కీకీ మారవలసి వచ్చింది. ఎవరు ఏ భాష మాట్లాడతారని కూడా చూడలేదు, మతం ఒక్కటే లెక్క. పాటలు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. ఇల్లు, పొలం, సమాధులు వదిలి వచ్చినవాళ్ళు పాటలు వెంట తెచ్చుకున్నారు. అమెరికాలో అప్పటికే స్థిరపడిన వలస కూలీలు, దుకాణదారులు ఆ రికార్డులు కొనేవాళ్ళు. కంపెనీలకు అది వ్యాపారం.

ఆ మొదటి రికార్డు విన్నప్పుడు నన్ను ఆపింది దాని వేగం. ఇప్పుడు లోకం ఎరిగిన మిసిర్లూ గుర్రంలా పరిగెత్తుతుంది. 1927 నాటిది నడుస్తుంది, అదీ బరువుగా. పది అంగుళాల రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. కాఫీ కొట్లలో వాద్యగాడు ముందు తీరిగ్గా తక్సీం వాయించి, మన ఆలాపనలాంటిదే అది, ఆ తర్వాత పాటలోకి వచ్చేవాడు. మైనపు పళ్ళెం ముందు అంత తీరిక ఎవరికుంటుంది? ఇక్కడ మన విద్వాంసులు కూడా పల్లవి, అనుపల్లవి, చరణం ఆ మూడు నిమిషాల్లో కుక్కినవాళ్ళే. కలకత్తాలో 1902లో పాడిన గౌహర్ జాన్ ఆ కొద్ది సమయంలోనే చివర కాసింత మిగుల్చుకుని తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు అచ్చు పోసేది జర్మనీలో కాబట్టి అక్కడివాళ్ళకు పాడిందెవరో తెలియాలి, అందుకని. కారణం ఏదైతేనేం, ఆమె పేరు పాటలోంచి విడదీయడానికి వీల్లేకుండా మిగిలిపోయింది.

న్యూయార్క్ గ్రీకు రికార్డుల్లో ఆడగొంతులు తక్కువేమీ కాదు. మరీకా పపాగీకా 1890లో కోస్ ద్వీపంలో పుట్టింది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో మొదటి రికార్డులు ఇచ్చి, 1915లో అమెరికా వెళ్ళింది. 1918 నుంచి 1929 దాకా రెండు వందలకు పైగా పాటలు రికార్డు చేసింది. పక్కన భర్త సింబలోం వాయించేవాడు. 1925లో న్యూయార్క్‌లో తన పేరుతోనే ఒక క్లబ్బు పెట్టుకుంది. ఆర్థికమాంద్యం వచ్చేసరికి అది మూతపడింది, రికార్డులూ దాదాపు ఆగిపోయాయి. 1943లో చనిపోయింది. అరబ్బుల దేశపు పిల్లను ఎత్తుకుపోతానని మగవాడు పాడిన ఆ ఏళ్ళలోనే, అదే నగరంలో, ఈజిప్టు మీదుగా వచ్చిన ఒక నిజమైన స్త్రీ తన గొంతుతో తాను బతికింది. ఎవరూ ఆమెను ఎత్తుకు రాలేదు, ఓడ టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది. ఇది నేను కావాలని పక్కపక్కన పెట్టి చూస్తున్న సంగతే. పాటకూ ఆమెకూ వేరే సంబంధం ఏమీ లేదు.

గ్రీసులో ఇలాంటి పాటలకు మంచిరోజులు ఎక్కువకాలం నిలవలేదు. 1936లో మెటాక్సాస్ నియంతృత్వం వచ్చాక పాటల మీద సెన్సారు వచ్చింది. తూర్పువాసన ఉన్న రాగాలు, ముఖ్యంగా అమానెస్ అనే ఆలాపనపాటలు, జాతికి తగవన్నారు. ఆ రోజుల్లో ఏథెన్స్‌లో ఎంతో పేరున్న రోజా ఎస్కెనాజీ ఇస్తాంబుల్‌లో పుట్టిన యూదు స్త్రీ. గ్రీకులోనే కాక టర్కీ భాషలోనూ పాడేది. జాతి శుద్ధి అనే మాట వచ్చినప్పుడల్లా ముందు ఆడదాని గొంతు మీదా ఒంటి మీదా పడడం మనకు కొత్త కాదు. మన దేవదాసీ స్త్రీల జావళీలకు ఏమైందో తలచుకుంటే చాలు.

1941లో ఈ కథ మలుపు తిరిగింది. నికోస్ రుబానిస్ అనే గ్రీకు అమెరికన్ సంగీతకారుడు ఈ పాటను జాజ్ పద్ధతిలో వాద్యాల కోసం తిరగరాసి, స్వరకర్తగా తన పేరుతో ప్రచురించాడు. ఇంగ్లీషు మాటలు ముగ్గురు మగవాళ్ళు రాశారు. ఈజిప్టు పిల్ల ఎడారి ఇసుకలో ఒక అలంకారమైపోయింది. 1927 నాటి రికార్డు ఉండగానే పాటకు ఒక యజమాని పుట్టాడు. చట్టం దృష్టిలో 'జానపదం' అంటే అందరిదీ అని కాదు, ఎవరిదీ కాదని. ఎవరిదీ కానిదాన్ని కాగితం పట్టుకుని ముందు వచ్చినవాడు తీసుకుంటాడు.

ఈ విషయం నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఒక సొంత కారణం ఉంది. మా మేనత్త పాడిన పాటలు నా దగ్గర ఎనిమిది క్యాసెట్లు ఉన్నాయి. అప్పగింతలవి, రోకటివి, సీతమ్మ వేవిళ్ళవి. అందులో కొన్ని ఆమె వాళ్ళమ్మ దగ్గర నేర్చినవి, కొన్నిటికి చరణాలు తనే కట్టుకుంది. ఏవి ఏవని అడిగితే, "నువ్వూ నీ పిచ్చి ప్రశ్నలూ, నోటికొచ్చింది పాడతాం గానీ లెక్కలు రాసుకుంటామా అమ్మా" అనేది. ఆమె పోయాక, జానపద గేయాల సంకలనం వేస్తున్నామంటూ ఒకరు ఆ పాటలు అడిగారు. అచ్చుకు ముందు పంపిన కాగితాల్లో ప్రతి పాట కిందా 'సేకరణ' అని నా పేరు ఉంది. మా అత్తయ్య పేరు ఎక్కడా లేదు. పెట్టమంటే, "జానపదానికి కర్త ఉండడు కదా మేడం, ఆవిడ పాడింది అంతే" అన్నారు. కర్త ఉండకూడనిచోట సేకరించినవాళ్ళకు మాత్రం పేరెందుకుండాలని అడిగాను. అది పద్ధతి అన్నారు. పాటలు వెనక్కి తీసుకున్నాను. తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద వెల్చేరు నారాయణరావు 1991లో రాసిన ఇంగ్లీషు వ్యాసాన్ని మనం క్లాసుల్లో తరచూ చెప్పుకుంటాం. మగవాళ్ళ రామాయణానికి సమాంతరంగా ఆడవాళ్ళు తమ రామాయణం తాము కట్టుకున్నారని ఎంత బాగా చూపించారాయన! ఆ కట్టిన చేతుల పేర్లు మాత్రం మన పుస్తకాల్లో ఇప్పటికీ ఎన్నోచోట్ల ఖాళీలే.

1962లో డిక్ డేల్ వచ్చాడు. తండ్రి లెబనాన్ మనిషి. ఒకే తీగ మీద ఏదైనా పాట వాయించగలవా అని ఒక కుర్రాడు పందెం కాస్తే, చిన్నప్పుడు బంధువు ఊద్ మీద ఈ పాట వాయించడం గుర్తొచ్చిందట. దాన్ని ఎలక్ట్రిక్ గిటారు మీద ఎంతో వేగంతో మోగించాడు. మాటలు పోయాయి. ఈజిప్టు పిల్లా పోయింది, ఆమె కోసం మండిపోయినవాడూ పోయాడు, కాలిఫోర్నియా అలల మీద కుర్రాళ్ళు మిగిలారు. నిజం చెప్పాలంటే ఆ రికార్డు నాకు చాలా ఇష్టం. 1994లో వచ్చిన 'పల్ప్ ఫిక్షన్' సినిమా మొదట్లో హోటల్లో ఒక స్త్రీ తుపాకీ పట్టుకుని అందరినీ బెదిరిస్తూ అరుస్తుంది. దృశ్యం అక్కడే బిగుసుకుపోతుంది. వెంటనే ఆ గిటారు మొదలవుతుంది. ఈ పాట చరిత్రలో ఆడమనిషి గొంతెత్తి అరిచిన చోటు అదేననుకుంటాను, అదీ పాటకు బయట.

ఇదే కాలంలో ఇంకో రకంగా రికార్డు చేసిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు. 1930-31లో మెల్పో మెర్లియే పల్లెల నుంచీ, కాందిశీకుల వాడల నుంచీ మనుషులను ఏథెన్స్‌కు పిలిపించి ఆరు వందల దాకా పాటలు రికార్డు చేయించింది. ఆమె ఆరాటమంతా రికార్డు కంపెనీల చేతిలో పడని పాటల కోసం. ఆ తరువాతి తరంలో డొమ్నా సమియూ. 1928లో ఏథెన్స్‌లోని కేసరియానీ అనే కాందిశీకుల వాడలో పుట్టింది. తల్లిదండ్రులు స్మిర్నా దగ్గరి నుంచి వచ్చినవాళ్ళు. రేడియోలో ఉద్యోగం చేస్తూనే, 1963 నుంచి సొంత డబ్బుతో టేపు రికార్డరు కొనుక్కుని ఊరూరా తిరిగింది. 2012లో చనిపోయేదాకా ఆ పని వదల్లేదు. ఆమె రికార్డుల్లో నాకు నచ్చేది ఒకటుంది. ఊళ్ళో పాట నేర్చుకుని వచ్చి తానొక్కతే పాడేసి ఊరుకోలేదు, ఆ ఊళ్ళవాళ్ళను కూడా తీసుకొచ్చి పాడించింది. టేపు రికార్డరు పట్టుకుని నడవడం, పాడినవాళ్ళను వెంట తీసుకురావడం ఒకే పని కాదు. మొదటిది మా అత్తయ్య ముందు కూర్చుని నేనూ చేశాను. రెండోదానికి చాలా ఓపిక కావాలి, డబ్బూ కావాలి.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ముగింపు సభలో 'మిసిర్లూ'ను ఒక స్త్రీ, ఆన్నా విస్సీ, పాడింది. అప్పటికి అది గ్రీసు తన సొంతమని లోకానికి చూపించుకునే పాట. జాతికి తగవని ఇలాంటి రాగాలను తోసేసిన దేశమే అది. ఆ సభ వీడియో చూస్తూ నాకు అంత పెద్ద మైదానం మీద మనసు నిలవలేదు. పిట్స్‌బర్గ్ గుర్తొచ్చింది.

యుద్ధం ఇంకా ముగియని 1945లో అక్కడి ఒక మహిళా సంగీత సంఘం, మిత్రదేశాల గౌరవార్థం నృత్య ప్రదర్శన ఏర్పాటు చేయమని డ్యుకేన్ విశ్వవిద్యాలయపు అధ్యాపకురాలు బ్రూన్‌హిల్డ్ డోర్ష్‌ను అడిగింది. గ్రీకు నృత్యాలు తెలిసిన ఒకామె క్రీట్ ద్వీపపు అడుగులు నేర్పింది. అడుగులున్నాయి గానీ వాటికి తగిన పాట దొరకలేదు. సంగీతం చదువుకుంటున్న ఇంకొకామె, మిసిర్లూ అయితే కాస్త నిదానమే గానీ సరిపోతుందేమో చూడమంది. చూశారు, సరిపోయింది. మార్చి 6న ప్రదర్శించారు. చేతులు కలిపి వరసగా నిలబడి ఆడే ఆ నృత్యం తర్వాత అమెరికా అంతటా జానపద నృత్య బృందాల్లోకి పాకింది. క్రీట్ అడుగుల పాత పేరు పోయి, నృత్యానికి కూడా మిసిర్లూ అనే పేరు నిలిచింది. ఈ ఒక్క చోట మాత్రం ఎవరు అడిగారో, ఎవరు నేర్పారో, పాట ఎవరు సూచించారో పేర్లతో సహా ఎవరో రాసిపెట్టారు. ముగ్గురూ ఆడవాళ్ళే.