గేమ్స్ పీరియడ్‌లో కాసేపు

గుంటూరు జిల్లాలోని ఆ జిల్లా పరిషత్ హైస్కూలుకి మేం వెళ్లేసరికి చివరి పీరియడ్ గంట కొట్టారు. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు బిలబిలమంటూ మైదానంలోకి వచ్చిపడ్డారు. సున్నంతో గీసిన ఖోఖో కోర్టు, రెండు చివర్లా రెండు స్తంభాలు. ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి గొంతుక్కూర్చున్నారు. తరిమే అమ్మాయి వెనక నుంచి తట్టి ‘ఖో’ అనడమే ఆలస్యం, కూర్చున్న పిల్ల దిగ్గున లేచి పరుగందుకుంటోంది. పది నిమిషాలు తిరక్కుండానే అందరికీ ఒళ్లంతా చెమటలు.

వేపచెట్టు కింద పీఈటీ మాస్టారు మగపిల్లల ఎత్తూ బరువూ చూసి రిజిస్టర్‌లో రాసుకుంటున్నారు. పిల్లల బీఎంఐకి పెద్దల లెక్క పనికిరాదు. వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి వేరే చార్టు ఉంటుంది.

ఒక పిల్లాడి మెడ వెనక చర్మం దళసరిగా నల్లబడి ఉంది. మురికనుకుని ఇంట్లో సున్నిపిండి పెట్టి రుద్దుతున్నారట. ఎంత రుద్దినా అది పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి ఇలాంటి నలుపు ఒక గుర్తు కావచ్చు. డాక్టరుకి చూపించమని మాస్టారు వాళ్లమ్మకి కబురు పెట్టారు.

లావుగా ఉన్నవాళ్లకే ఈ బెడద అనుకోవడానికి లేదు. 2016–18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ల వారిలో అధిక బరువు, ఊబకాయం ఉన్నవారు 5 శాతమే. ప్రీడయాబెటిస్ ఉన్నవారు మాత్రం 10 శాతం.

ఆట ఉపయోగపడేది ఇక్కడే. పరుగెత్తేటప్పుడు కండరాలు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఆట ఆపాక కూడా కొన్ని గంటలపాటు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. కాబట్టి తూకంలో తేడా కనిపించకపోయినా ఆడిన ఆట వృథా కాదు. 5–17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11–17 ఏళ్ల వారిలో 81 శాతం మందికి ఆ మాత్రమూ లేదు.

ఈ బడిలోనూ పదో తరగతి వాళ్లు మైదానంలో కనిపించలేదు. టైమ్‌టేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉంది గానీ, అది లెక్కల స్పెషల్ క్లాసుకి పోయింది. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కుల సంగతి ఎలాగూ అడుగుతారు. గేమ్స్ పీరియడ్‌లో పిల్లల్ని నిజంగా ఆడిస్తున్నారా అని కూడా అడగండి.