మీటల వెలుగు

గాజులు కొనుటలో మా యింటి స్త్రీలు మోసపోయి యెరుగరు. లాల్‌దర్వాజాలో కాపురముండి, లాడ్ బజారునకు నడచి పోవువారము. లక్కను కాచి, వలయముగా మలచి, రాళ్లను ఒక్కటొక్కటిగా పొదుగుట కన్నులార చూచినవారము. హైదరాబాదు లక్కగాజులకు 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినపుడు మేమే గెలిచినట్లు సంతసించితిమి. గాజును చేతికి తొడిగి చూడనిదే, వెలుతురులో త్రిప్పి చూడనిదే మేము బేరము మొదలుపెట్టము. ఇంత నేర్పు గల మేము ఒక కీబోర్డు కొనుటలో వేయి రూపాయలు పోగొట్టుకొంటిమి. ఆ సంగతి సోదరీమణులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

మా అమ్మాయి ఇంటరు చదువుచున్నది. పరీక్షలో మంచి మార్కులు వచ్చినచో కోరినది కొనిపెట్టుదుమని మాట యిచ్చితిమి. పట్టు లంగా యడుగునని మా యూహ. అమ్మాయి గేమింగు కీబోర్డు కావలెనన్నది. దాని మీటల క్రింద దీపములు వెలుగునట. ఆ రంగులను మన యిష్టము వచ్చినట్లు మార్చుకొనవచ్చునట. “ఆడపిల్లకు గీ ఆటలెందుకే?” అని మా అత్తగారనిరి. మాకును కొంత అట్లే తోచినది; దాచనేల? కాని చిన్ననాడు అచ్చనగాయలాడుచు అన్నము మరచినవారము గదా మనమందరమును!

దగ్గరలోని యొక అంగడిలో వేయి రూపాయలకు ఒకటి కొంటిమి. మీట నొక్కి చూడలేదు, ప్రశ్న యడుగలేదు. ఇంటికి తెచ్చి తగిలింపగా బోనాల నాటి వీధివలె మెరసినది. ఆ రాత్రియే చిక్కు తెలిసినది. మాది రెండు గదుల యిల్లు. కంప్యూటరున్న గదిలోనే అత్తగారు పరుందురు. ఆ దీపములు గోడమీదను, కప్పుమీదను చిందులు త్రొక్కినవి. రంగు మార్పబోగా అది మారునది కాదు. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క రంగు శాశ్వతముగా అమర్చియున్నారు. ఆర్పివేసినచో మీటలమీది అక్షరములు కనబడవు. ఒక్కసారి మూడు నాలుగు మీటలు నొక్కినచో ఒకటి పలుకదు. పైన పటారము, లోన లొటారము! పెట్టె విప్పిన సరకు తిరిగి తీసికొనమని అంగడివాడు చెప్పెను.

మూడవనాటి రాత్రి అత్తగారు మమ్ము పిలిచి, “బిడ్డా, నా మంచం వంటింట్ల ఎయ్యి. పిల్ల ఆటకు నేనెందుకు అడ్డం?” అనిరి. ఆ మాట అమ్మాయి విన్నది. కీబోర్డును పెట్టెలో పెట్టివేసి, “బాపమ్మ నిద్ర చెడగొట్టే ఆట నాకొద్దమ్మా,” అన్నది. ఒకరికొరకొకరు తగ్గుచున్నారు, తప్పు చూచిన మేమో, చూడక కొన్నవారము.

పెండ్లికి ముందు మేము టైపు నేర్చితిమి. మీట మంచిచెడ్డలు వ్రేలికి తెలియునే గాని కంటికి తెలియవని మేమెరుగనిది కాదు. ఆ శనివారము అమ్మాయిని వెంటబెట్టుకొని, కంప్యూటరు సరకులకు పేరుపడిన సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయి, గాజులను చూచినట్లే కీబోర్డులను చూచితిమి.

తక్కువ వెల వానిలో మీటలన్నిటి క్రింద ఒకే పలుచని పొర యుండును. దానిని మెంబ్రేను అందురు. మెకానికల్ అను రకములో ప్రతి మీటకును వేరుగా ఒక స్విచ్చి, అందులో చిన్న స్ప్రింగు ఉండును. జర్మనీలోని చెర్రీ సంస్థ 1983 ప్రాంతమున వెలువరించిన స్విచ్చియే వీనిలో పెక్కింటికి మూలము. దాని పేటెంటు గడువు 2014 ప్రాంతమున తీరిన పిదప చైనా సంస్థలు అదే మాదిరిని చేయసాగినవి. అందుచేతనే వెల తగ్గి, రెండు మూడు వేలకే అందుబాటునకు వచ్చినది. సాధారణముగా నీలిరంగు స్విచ్చి టిక్కు టిక్కుమని మ్రోగును. గోధుమరంగుది వ్రేలికి చిన్న తట్టు తెలియజేయును. ఎర్రది సద్దు తక్కువగా నునుపుగా దిగును. పడకగది గనుక ఎర్రదానినే యెంచుకొంటిమి.

ఇక దీపముల మాట. మీట మీటకును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు సన్నని దీపములుండవలెను. ఒక్కొక్కదానికి 256 మెట్ల వెలుగు. వీనిని కలిపినచో 1,67,77,216 రంగులగును. ప్రకటనలలో చెప్పు కోటి అరువదియేడు లక్షల రంగుల లెక్క యిదియే. నీలపు కాంతి నిద్రకు తోడ్పడు మెలటోనిన్‌ను ఎక్కువగా అణచును, ఎర్రని కాంతి అంతగా అణచదు. కనుక దీపమును ఎర్రగా మార్చి, అతి సన్నగా తగ్గించి చూపుమని అడిగితిమి. అక్షరముల గుండ వెలుగు వచ్చుచున్నదా యని చేతితో నీడ పట్టి చూచితిమి. తీగ పీకి మరల గుచ్చితిమి. పెట్టిన రంగు నిలిచియున్నది. అమ్మాయి ఆరు మీటలొక్కసారి నొక్కగా ఆరును పలికినవి. 2,400 రూపాయలిచ్చి, ఏడాది పూచీని బిల్లుపై వ్రాయించుకొంటిమి.

ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటగానే అమ్మాయి దీపమును ఎర్రని నిప్పుకణమంతగా తగ్గించును. అత్తగారి మంచము చోటు మారలేదు. ఒక సాయంకాలమున వారే దగ్గరకు వచ్చి, “పసుపు రంగు వస్తదా దీంట్ల?” అని యడిగిరి. అమ్మాయి ఎరుపును ఆకుపచ్చను కలిపి చూపినది. వారు చాలసేపు చూచి, “మంచిగుంది. ఆటేందో గూడ చూపియ్యి,” అని ప్రక్కన కూర్చుండిరి.

ఇట్టిది కొనబోవు సోదరీమణులు దీపము ఎంత మెరయునని గాక, ఎంత తగ్గునని ముందడుగుదురు గాక.