భీమునిపట్టణమున మా యిల్లు

సోదరీమణులారా! పుణ్యక్షేత్రములను గూర్చియు, మహానగరములను గూర్చియు మీరు తరచుగా చదువుచుందురు. నేను వ్రాయబూనినది యొక చిన్న రేవుపట్టణమును గూర్చి, అందు మే మమ్మదలచిన యొక పెంకుటింటిని గూర్చి. ఈ వేసవి సెలవులలో ఆ పనికై మే మచ్చట నొక మాసము గడపితిమి.

విశాఖపట్టణమునకు ఈశాన్యముగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున, గోస్తనీనది సముద్రమును గలియుచోట భీమునిపట్టణ మున్నది. జనులు భీమిలి యందురు. భీమసేనుడు బకాసురుని వధించిన చోటిదియే యని యచ్చటి పెద్దలు చెప్పుదురు. ఊరిని జేరి పావురాలకొండ. దానిపై నృసింహస్వామి యాలయమును, ప్రాచీన బౌద్ధవిహారముల శిథిలములును గలవు. 17వ శతాబ్దమున వలందావారు వర్తకమునకై వచ్చి నిలిచి, 1825లో ఈ రేవును ఇంగ్లీషువారికి విడిచిరి. వారి సమాధులు నేటికిని గలవు. 1861లోనే పురపాలకసంఘ మేర్పడిన యీ యూరు ఇప్పుడు విశాఖ మహానగరములో గలిసినది. వర్తకపు టోడలు పోయినను జాలరుల పడవలు పోలేదు. తెల్లవారునప్పటికి తీరమున చేపల బేరము సాగుచుండును. గంపలు నెత్తికెత్తుకొని స్త్రీలు వీథులవెంట బయలుదేరుదురు.

మా మామగారు 1972లో కట్టించిన యిల్లు సముద్రఘోష వినబడునంత దూరములో నున్నది. ఇటుకయు సున్నమును గలిపి కట్టిన గోడలు, పెరటిలో నుయ్యి, నాలుగు కొబ్బరిచెట్లు, తులసికోట. ఉప్పుగాలికి సున్నపు గోడలు చెక్కుచెదరలేదు గాని, తరువాత కట్టిన కాంక్రీటు వసారా పగుళ్లువారినది. ఉప్పు లోనికి దిగి యినుపచువ్వలు తుప్పుపట్టును; తుప్పు ఉబ్బి కాంక్రీటును చీల్చును. సముద్రతీరమున నిల్లు కొనువారు మొదట చూడవలసినది గోడల రంగు గాదు, పైకప్పు అడుగుభాగము. 2014 అక్టోబరు 12వ తేదీ హుద్‌హుద్ తుపానునకు లేచిపోయిన పెంకులను మరల నేయించితిమి.

పగుళ్లపై సిమెంటు మెత్తి రంగు వేయింపుడని మధ్యవర్తి సలహా యిచ్చెను. నా భర్తగారు సమ్మతింపలేదు. కొనువానికి సులభముగా గోచరింపని దోషమును, అమ్మువాడెరిగి యుండిన యెడల, చెప్పితీరవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే విధించుచున్నది. సముద్రపు పోటుగీతనుండి 500 మీటర్లలోపు కట్టడములకు 1991 నుండి ప్రత్యేక నియమములు గలవు. అవి 2011లోను, 2019లోను మారినవి. కావున మేడ కట్టదలచినచో తీరపటమును ముందుగా చూచుకొమ్మనియు కొనువారికి తెలిపితిమి.

పిమ్మట కాగితముల పని. అసలు దస్తావేజు, పాత లింకు దస్తావేజులు, ఈసీ, పన్ను రసీదులు, మామగారి మరణధ్రువపత్రము, కుటుంబసభ్యుల పత్రము: ఇవన్నియు జేర్చుటకు పదునైదు దినములు పట్టెను. అన్నియు గూడిన తరువాత అసలు చిక్కు వచ్చినది. మా వదినగారు, అనగా నా భర్తగారి యక్కగారు, ఆమె సంతకము వలయును.

మా మరది, "అక్కకు పెండ్లినాడే ఇచ్చితిమి గదా! పసుపుకుంకుమల క్రింద కొంత ముట్టజెప్పి హక్కు విడుదల పత్రము వ్రాయించుకొందము" అనెను. వదినగారు మారు పలుకలేదు. అడిగిన పుట్టిల్లు దూరమగునను భయముతో మనలో నెంద రీరీతి మౌనము వహించుటలేదు!

మామగారు వీలునామా వ్రాయకయే గతించిరి. ఇల్లు వారి స్వార్జితము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము అట్టి యాస్తి భార్యకును, కుమారులకును, కుమార్తెలకును సమభాగములుగా చెందును. తల్లి జీవించియున్న నామెకును భాగము గలదు. అయినను, కుటుంబము కాపురముండు గృహమును పంచుడని మగబిడ్డలు కోరువరకు ఆడబిడ్డ కోరరాదని యా చట్టమున 23వ విభాగ మొకటి యుండెడిది. 2005లో దానిని తొలగించిరి. పిత్రార్జితమునను కుమార్తెకు పుట్టుకతోనే హక్కు నిచ్చిరి. 2005 నాటికి తండ్రి జీవించి యుండవలెనను నియమము లేదని 2020లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

నా భర్తగారు రాత్రి భోజనములైన పిమ్మట ఇదంతయు చదివి వినిపించిరి. మా యత్తగారు కొంతసేపు ఊరకుండి, "ఒరే, నాకు జబ్బు చేసిన రెండేండ్లు ఆ నూతినీరు తోడినది మీ రిరువురును గాదు, అదియే. నాలుగు వాటాలు వేయుడు" అనిరి. మరది తల వంచుకొని సరే యనెను. వదినగారు కన్నీ రొత్తుకొని, తన భాగమునకు దోడుగా తల్లి రుబ్బెడి పొత్రమును మాత్రము అడిగిరి.

విక్రయపత్రమున నలుగురును సంతకము చేయుటకు నిశ్చయమైనది. అత్తగారి భాగము ఆమె పేరనే బ్యాంకులో నుంచెదము. సోదరీమణులారా! పుట్టినింటివారు చూపినచోట సంతకము చేయుటకు ముందు, అది విక్రయపత్రమో, విడుదల పత్రమో చదివి తెలిసికొనుడు. చదివి తెలిసికొనిన పిమ్మట భాగమును విడుచుకొనదలచిన విడుచుకొనవచ్చును. అప్పుడది మీ దాన మగును. అత్తవారింట మనమే కోడండ్రమై యున్నప్పుడు, ఆడబిడ్డ భాగమును జ్ఞాపకము చేయవలసిన వారమును మనమే.