పట్టాలు లేని కోడుమూరు, పట్టాలు విడిచిన నల్లమల

కర్నూలు నుంచి బళ్లారికి పోయే దారిలో, హంద్రీకి దగ్గరగా ఉన్న కోడుమూరుకు రైలు లేదు. పడమట రాయచూరు–గుంతకల్లు లైను మీద కోసిగి, ఆదోని, ఆస్పరి స్టేషన్లున్నాయి. తూర్పున కర్నూలు–డోన్ లైను ఉంది. ఈ రెంటికీ నడుమ ఎమ్మిగనూరు, గోనెగండ్ల, కోడుమూరు, దేవనకొండ బస్సుల మీదే బతుకుతున్నాయి. కర్నూలు నుంచి కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయానికి లైను వేయాలని ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఇలాంటి సీమలో పాత రైలు దారులను కాపాడుకుందామంటే, ఉన్నవాళ్ల సరదా మనకెందుకనేవాళ్లుంటారు. పాత పట్టాల కథ తెలిసిన జనమే కొత్త పట్టాలను గట్టిగా అడగగలరని నా నమ్మకం.

ఈ నేల మీద రైలు ఏం చేసిందో చూడండి. మద్రాసు రైల్వే, బొంబాయి నుంచి వచ్చే లైనుతో 1871లో రాయచూరు దగ్గర కలిసింది. అప్పటికి బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని (కర్నూలు జిల్లాలోకి వచ్చింది 1953లో) ఆ లైను మీద పడింది. నల్లరేగడి పత్తికి రెండు మహానగరాల దారి తెరుచుకుంది. జిన్నింగు మిల్లులు, పత్తి మార్కెట్టు ఆ ఊరి పేరయ్యాయి. మరి రైలు లేని ఊళ్ల సంగతి? 1876–78 కరువులో ధాన్యం రైల్లో స్టేషను దాకా వచ్చేది. అక్కడి నుంచి పల్లెలకు బండ్ల మీద చేరాలి. మేత లేక ఎద్దులు చచ్చిపోతుంటే బండి కట్టేదెవరు? 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా సుమారు నాలుగో వంతు జనాన్ని పోగొట్టుకుంది. కరువు మళ్లీ వస్తే గింజలు చేరాలన్న ఆలోచనతోనే గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా కృష్ణా తీరానికి మీటర్ గేజ్ లైను తలపెట్టారు. నల్లమలలో గాజులపల్లె, దిగువమెట్టల నడుమ లోయ మీద కట్టిన దొరబావి వంతెన ఆ లైనుదే. 1990ల్లో బ్రాడ్ గేజ్ కోసం దారి మార్చి, ఆ వంతెనను వదిలేశారు. అంత పెద్ద చావును చూసి వేసిన దారిలో ఒక ముఖ్యమైన ఆనవాలు అడవి పాలైంది. ఇది చిన్న నష్టం కాదు.

వదిలేసిన లైనును జనమే నడుపుకున్న ఉదాహరణ వేల్స్‌లో ఉంది. పలకరాయి మోయడానికి 1865లో వేసిన టాలిలిన్ రైల్వే, యజమాని 1950లో చనిపోవడంతో మూతపడేదే. ఎల్.టి.సి. రోల్ట్ అనే రచయిత, ఆయన మిత్రులు సంఘం పెట్టి, 1951లో దాన్ని తామే నడపడం మొదలుపెట్టారు. అప్పటికి పనిచేసే ఇంజను డోల్గాక్ ఒక్కటే. మూతపడిన పక్క లైను నుంచి రెండు పాత ఇంజన్లను చెరి 25 పౌండ్లకు కొన్నారు. గడ్డి కమ్మేసిన పట్టాల మీద స్లీపర్లు మార్చింది, టికెట్లు అమ్మింది ఎక్కువగా జీతం తీసుకోని మనుషులే. స్వచ్ఛందంగా నడిచే పాత రైళ్లకు ప్రపంచంలో అదే మొదలు. మన దేశంలో యునెస్కో గుర్తించిన డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా లైన్లను నడిపేది రైల్వే శాఖే. అక్కడ జనం ప్రయాణికులే తప్ప నిర్వాహకులు కారు.

ఇక్కడ అలాంటి రైలు నడపడం కుదరదనడంలో న్యాయముంది. నల్లమల ఘాట్ పులుల అభయారణ్యపు సీమ. అక్కడ పర్యాటక రైలు కోరడం తగదు. ఆదోని లైనేమో రోజూ రద్దీగా నడిచే ప్రధాన మార్గం, మూతపడింది కాదు. పైగా సుగ్గికి, అంటే కోతల కాలపు వలస కూలికి, గుంటూరు మిరప చేలకు పిల్లాపాపలతో లారీలెక్కి వెళ్లే కుటుంబాలకు కావలసింది ఆవిరి ఇంజను కాదు, మామూలు ప్యాసింజరు బండి. ఒప్పుకుంటాను. కానీ టాలిలిన్ నుంచి నేర్వాల్సింది ఇంజను నడపడం కాదు, లైను మాదని జనం పూనుకోవడం. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు సర్కారు వచ్చి మగ్గాలు నిలబెడుతుందని కూర్చోలేదు. ఆ ఒరవడి ఈ సీమకు కొత్త కాదు.

కనుక పని చిన్నదిగానే మొదలవ్వాలి. మీటర్ గేజ్ మీద పనిచేసిన గ్యాంగ్‌మెన్, గార్డులు, డ్రైవర్లు ఇంకా గుంతకల్లు, డోన్, నంద్యాలల్లో ఉన్నారు. వాళ్ల మాటలను, ఇళ్లలోని ఫోటోలను, టికెట్లను సేకరించి ఆదోనిలోనో కోడుమూరులోనో ఒక గదిలో పెట్టవచ్చు. కాలేజీ పిల్లలు, రిటైరైన మాస్టార్లు చాలు. మంత్రాలయం లైను కోసం ఇచ్చే ప్రతి వినతిపత్రానికీ 1876 నాటి కథ జతచేయవచ్చు. ఆ మనుషులకు వయసు మీద పడుతోంది. ఈ ఏడే మొదలుపెట్టండి.